లింకన్ సెంటర్ జాజ్ సీజన్ ఈసారి ఆఫ్రికా మూలాల మీద. టికెట్లు తీసుకోవాలా వద్దా?

ఎడిసన్_రఘు
న్యూయార్క్‌లో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ అనే సంస్థ వాళ్లు 2025-26 సీజన్‌ని జాజ్‌కీ ఆఫ్రికాకీ ఉన్న బంధం మీద నడుపుతున్నారు. మేమిద్దరం ఏటా వాళ్ల దగ్గర ఒక చిన్న ప్యాకేజీ కొంటాం. మాకు ప్రాణం డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటి పాతతరం అమెరికా జాజ్ దిగ్గజాలు. వాళ్ల రోజ్ థియేటర్లో కూర్చుంటే ముందు డ్రమ్స్, బాస్, పియానో మెల్లగా మొదలై, కాసేపటికి ట్రంపెట్లూ ట్రాంబోన్లూ ఒక్కసారిగా అందుకుంటాయి చూడండి, ఆ స్వింగ్ కోసం, అంటే మనిషిని ఊపేసే ఆ నడక కోసం, ఎంత దూరమైనా రైలెక్కి వెళ్తాం. ఈసారి మాత్రం ఎవర్ని అడిగినా ఆఫ్రికా డ్రమ్ములు, క్యూబా, దక్షిణాఫ్రికా అంటున్నారు. జాజ్ పుట్టింది న్యూ ఆర్లిన్స్‌లో కదండీ. ముత్తాతది ఏ ఊరో తెలుసుకోవడం మంచిదే, దానికి ఒక సాయంత్రం పెట్టొచ్చు, ఏడాదంతా ముత్తాత ఊళ్ళోనే కూర్చోబెడితే ఎలా? టికెట్లేమో చవకేం కాదు. వినేవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి, ఈ ఏడు తీసుకోవాలా, వచ్చే ఏడు చూసుకోవాలా?

సాక్సు_సుధ
తీసుకోండి. స్వింగ్ కోసమే వెళ్తానంటున్నారు కదా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వినిపించే సీజన్ని వదులుకుంటారా?

కృష్ణలంక_కుర్రాడు
నాకు జాజ్ అసలు తెలీదు, హోటల్ లాబీల్లో మెల్లగా వినపడే సాక్సోఫోనే జాజ్ అనుకుంటున్నా ఇన్నాళ్లూ. థ్రెడ్ ఫాలో అవుతా. మొదలుపెట్టాలంటే ఏం వినాలో కూడా ఎవరైనా చెప్పండి.

పాతరికార్డుల_ప్రసాద్
నేను రఘు గారి పక్షం, కొంతవరకు. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్, పియానో అన్నీ యూరప్ వాయిద్యాలే. కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి మోగించే కార్డ్స్, హార్మొనీ అక్కడివే. మిలిటరీ బ్యాండ్ల మార్చ్‌లు, ఫ్రెంచ్ వాళ్ల క్వాడ్రిల్ డాన్సులు, చర్చి కీర్తనలు ఇవన్నీ లేకుండా జాజ్ లేదు. న్యూ ఆర్లిన్స్‌లో ఫ్రెంచ్, ఆఫ్రికా వంశాలు కలిసిన క్రియోల్ కుటుంబాల వాళ్లు పద్ధతిగా నొటేషన్ నేర్చుకుని వాయించినవాళ్లు. ఆఫ్రికా పాలు ఉంది, చాలా పెద్ద పాలే, ఎవరూ కాదనరు. కానీ "మూలాలు" అన్నప్పుడు ఒక్క వైపే చూపిస్తే అది సగం కథ. అమెరికాలో ఆ రెండూ కలిసిన చోట నల్లవాళ్లు సృష్టించిన కొత్త సంగీతం అది. ఆ సృష్టిని తక్కువ చేసి అంతా ఆఫ్రికా నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నట్టు మాట్లాడితే నాకు నచ్చదు.

తాళప్రియ
నేను మృదంగం మనిషిని, జాజ్ పండితుణ్ణి కాదు, కాబట్టి లెక్క వైపు నుంచి చెప్తా. ప్రసాద్ గారూ, వాయిద్యాలు ఎక్కడివన్నది ఒక ప్రశ్న, వాటిమీద కాలాన్ని ఎలా నడిపారన్నది ఇంకో ప్రశ్న. వయొలిన్ కూడా యూరప్‌దే, దానిమీద మనవాళ్లు తోడి రాగం వాయిస్తే అది యూరప్ సంగీతం అయిపోయిందా?

రఘు గారూ, ఒక చిన్న పని చేయండి. బల్ల మీద సమానంగా ఎనిమిది దెబ్బలు కొడుతూ ఉండండి. ఇప్పుడు ఆ ఎనిమిదిలో 1, 4, 7 మాత్రం గట్టిగా కొట్టండి. మన భాషలో తకిట తకిట తక, అంటే 3+3+2. కింద ఎనిమిది నిదానంగా నడుస్తుంటే పైన ఈ ఎగుడుదిగుడు నడక వస్తుంది. పశ్చిమ ఆఫ్రికా, మధ్య ఆఫ్రికా డ్రమ్మింగులో ఇది ఊపిరి లాగా ఉంటుంది. అక్కణ్ణుంచి క్యూబాకి వెళ్ళి హబనేరా అనే నాట్యపు తాళం అయింది, న్యూ ఆర్లిన్స్‌లో బ్రాస్ బ్యాండ్ల పెద్ద డ్రమ్ములోకి దిగింది. న్యూ ఆర్లిన్స్ పియానిస్ట్ జెల్లీ రోల్ మోర్టన్ 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డింగుల్లో పియానో ముందు కూర్చుని, ఈ ఛాయ పడకపోతే జాజ్‌కి కావాల్సిన రుచి రాదని వాయించి మరీ చూపించాడు. ఆయన దాన్ని స్పానిష్ ఛాయ అన్నాడు, అది స్పెయిన్‌ది కాదన్నది వేరే సంగతి.

ఇక స్వింగ్. స్వింగ్‌లో ఒక్కో దెబ్బని రెండుగా చీల్చే స్వరాలు (ఎయిత్ నోట్లు) సమానంగా పడవు. చతురశ్రానికీ (నాలుగు లెక్క) తిశ్రానికీ (మూడు లెక్క) మధ్యలో ఎక్కడో పడతాయి, వాయించేవాణ్ణి బట్టి, పాట వేగాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంటాయి. రెండునీ మూడునీ ఒకేసారి ఒంట్లో నడిపించడం ఆఫ్రికా తాళవాద్యంలో పునాది. పన్నెండు మాత్రల గంట వాయింపు ఒకటి ఉంటుంది, దాని మీద ఒకరు నాలుగు దెబ్బలుగా, ఒకరు ఆరుగా, ఒకరు మూడుగా అడుగేస్తారు, ఎవరూ తప్పిపోరు. యూరప్ మార్చ్‌లో ఇది లేదు. మీరు డబ్బిచ్చి వింటున్న ఆ ఊపు అక్కణ్ణుంచి వచ్చిందే.

సాక్సు_సుధ
+1 తాళప్రియ గారికి. ఇంకొకటి, రఘు గారు చెప్పిన ఆ బేసీ ఆర్కెస్ట్రా క్షణమే తీసుకోండి. సాక్సోఫోన్లు ఒక మాట అంటాయి, ట్రంపెట్లు దానికి జవాబిస్తాయి, మళ్ళీ ఇవి, మళ్ళీ అవి. పొలాల్లో పనిపాటల్లో, నల్లవాళ్ల చర్చిల్లో ఒకడు అంటే గుంపంతా తిరిగి అనే పద్ధతే అది. కాన్సాస్ సిటీలో దాన్ని తెల్లారేదాకా వాయించేవాళ్లు, చాలాసార్లు రాసుకున్న కాయితం కూడా ఉండేది కాదు.

పాతరికార్డుల_ప్రసాద్
మార్చ్‌లో సింకోపేషన్ (బలం మామూలు చోట కాకుండా పక్కన పడటం) అసలు లేదనలేం, ఆ మాటకొస్తే ర్యాగ్‌టైమ్‌లో... సరే, తాళం విషయంలో మీ వాదన బలంగా ఉంది, ఒప్పుకుంటా. హార్మొనీ విషయంలో నాది నాదే.

దారితప్పిన_దేశదిమ్మరి
న్యూ ఆర్లిన్స్ పేరు ఎత్తారు కాబట్టి అక్కడ చూసింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది. ఫ్రెంచ్ క్వార్టర్ దాటి రాంపార్ట్ స్ట్రీట్ అవతలకి వెళ్తే ట్రెమే పేట మొదలవుతుంది. అక్కడ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఓ మూల కాంగో స్క్వేర్. నేల మీద రాళ్లు వలయాలు వలయాలుగా పరిచి ఉంటాయి, చుట్టూ పెద్ద ఓక్ చెట్లు. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే ఇప్పటికీ డ్రమ్ములు తెచ్చుకుని కూర్చుంటారు. మేం వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ షెకెరె పట్టుకుని వాయిస్తోంది, ఎండిన సొరకాయ బుర్ర చుట్టూ పూసల వల. మా పాప దగ్గరికెళ్ళి చూస్తుంటే చేతికిచ్చి, మణికట్టు ఎలా తిప్పాలో చూపించి, పాపకి వచ్చేదాకా తను చప్పట్లతో తాళం వేస్తూ నిలబడింది.

బానిసత్వం కాలంలో అక్కడ ఆదివారాలు నల్లవాళ్లు వందల మంది చేరేవాళ్లు. ఫ్రెంచ్ పాలనలో 1724 నాటి కోడ్ నోయిర్ అనే బానిసల చట్టం ప్రకారం ఆదివారం పని చేయించకూడదు. ఊళ్ళో ఎక్కడబడితే అక్కడ గుమిగూడుతున్నారని 1817లో నగరపాలకులు చట్టం చేసి ఒక్క చోటుకే పరిమితం చేశారు. ఆ చోటు ఇదే. 1819లో బెంజమిన్ లాట్రోబ్ అనే ఆర్కిటెక్ట్ అటుగా వెళ్తూ చప్పుడు విని ఆగి చూసి డైరీలో రాసుకున్నాడు, డ్రమ్ముల బొమ్మలు కూడా గీశాడు, సొరకాయ బుర్రతో చేసిన ఒక తీగ వాయిద్యం బొమ్మ కూడా. ఇవాళ్టి బాంజో ఆ కుటుంబానిదే.

ఇది ఎందుకు పెద్ద విషయమో అర్థం కావాలంటే అమెరికాలో మిగతా చోట్లు చూడాలి. సౌత్ కరోలినాలో 1739లో స్టోనో దగ్గర బానిసల తిరుగుబాటు జరిగింది, డ్రమ్ములు వాయించుకుంటూ నడిచారు. మరుసటి ఏడు 1740 చట్టంలో బానిసలు డ్రమ్ములు, కొమ్ములు వాడకూడదని రాశారు. మనిషికి కబురు చేరవేసే వాయిద్యం కదా, యజమానులకి భయం. డ్రమ్ము తీసేసుకుంటే వాళ్లు తాళాన్ని ఒంటి మీదకి తెచ్చుకున్నారు: తొడల మీద, ఛాతీ మీద, నేల మీద కాళ్లతో. న్యూ ఆర్లిన్స్‌లో మాత్రం ఆ డ్రమ్ము ఊరి మధ్యలో, బహిరంగంగా మోగింది. అక్కడ నిలబడి ఉంటే నాకు ఒళ్ళు జలదరించింది, దాచుకోను.

పాతరికార్డుల_ప్రసాద్
అంతా నిజమే, ఒక్క చిక్కుంది. కాంగో స్క్వేర్ ఆటలు 1850ల నాటికే సన్నగిల్లిపోయాయి. జాజ్ తొలితరం మనిషి బడ్డీ బోల్డెన్ కార్నెట్ (ట్రంపెట్ లాంటిది) పట్టుకుని ఊరిని ఊపేసింది 1890ల చివర్లో. మధ్యలో ఇంత ఖాళీ ఉంటే ఇక్కణ్ణుంచి అక్కడికి నేరుగా గీత గీసేయొచ్చా? టూరిస్టు గైడ్లు గీస్తారు, మనం గీయకూడదు.

దారితప్పిన_దేశదిమ్మరి
నేరుగా గీత కాదండి. సంగీతం ఒక మైదానంలోనే ఉండదు కదా, మైదానం మూతపడితే ఇళ్లలోకి, చర్చిల్లోకి, శవయాత్రల్లోకి వెళ్తుంది. చర్చిల్లో రింగ్ షౌట్ ఉంది, గుండ్రంగా తిరుగుతూ కాళ్లు ఈడుస్తూ పాడతారు, దేవుడు మారాడు, అడుగు మారలేదు. ఇంకో సంగతి, హైతీ విప్లవం తర్వాత సెయింట్ డొమింగ్ (ఇవాళ్టి హైతీ) నుంచి వెళ్లిపోయిన జనం క్యూబాలో కొన్నాళ్లుండి 1809, 1810లో న్యూ ఆర్లిన్స్‌కి వచ్చిపడ్డారు, తొమ్మిది వేలకు పైగా. ఊరి జనాభా దాదాపు రెండింతలైంది. వాళ్లతో పాటు కరీబియన్ తాళాలూ, వూడూ మత నమ్మకాలూ వచ్చాయి. ఇవాళ్టికీ అక్కడ శవయాత్రలో బ్యాండు వెనకాల గొడుగులు పట్టుకుని నడిచే సెకండ్ లైన్ చూడండి, పెద్ద డ్రమ్ము కొట్టే దెబ్బ తాళప్రియ గారు చెప్పిన లెక్కకి అన్నదమ్ముడే.

పాతరికార్డుల_ప్రసాద్
ఇలా చెప్తే బాగుంది. ఒక చోటు, ఒక తేదీ అని కాకుండా ఎన్నో దారుల్లో వచ్చిందంటే నాకేం అభ్యంతరం లేదు.

కృష్ణలంక_కుర్రాడు
బల్ల మీద 1 4 7 కొట్టి చూశా. మా అమ్మ వంటింట్లోంచి "ఎవడ్రా తలుపు కొడుతోంది" అంది. కానీ నిజంగా వచ్చేసింది, ఇప్పుడు ఏ పాట విన్నా అదే వినపడుతోంది!

జోబర్గ్_శ్రీను
రఘు గారి "ముత్తాత ఊరు" మాట దగ్గరికి వస్తా. నేను జొహానెస్‌బర్గ్‌లో ఉంటాను, అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆఫ్రికా ముత్తాత కాదండీ, పక్కింట్లోనే ఉన్న మేనమామ. బతికే ఉన్నాడు, రోజూ కొత్త పాట కడుతున్నాడు. మీరంతా 1817 దగ్గరే ఆగిపోయారు. జాజ్ ఆఫ్రికా నుంచి అమెరికాకి వెళ్ళడమే కాదు, అమెరికా నుంచి ఆఫ్రికాకీ వచ్చింది, ఆ సగం మీద ఎవరూ మాట్లాడట్లేదు.

ఇక్కడ 1920ల నుంచి మురికివాడల షెబీన్లలో, అంటే దొంగసారా ఇళ్లలో, మరాబి అని ఒక సంగీతం. పాత పెడల్ ఆర్గన్ మీద మూడే కార్డులు తిప్పితిప్పి రాత్రంతా వాయించేవాళ్లు. అమెరికా రికార్డులు వచ్చాక దాన్నీ దీన్నీ కలుపుకున్నారు. సోఫియాటౌన్ అనే పేట దానికి గుండెకాయ. 1955 నుంచి ప్రభుత్వం ఆ పేటని ఖాళీ చేయించి నేలమట్టం చేసింది. 1960లో జాజ్ ఎపిసిల్స్ అని హ్యూ మసెకెలా, అబ్దుల్లా ఇబ్రహీం, కిపీ మొకెట్సీ లాంటివాళ్లు కలిసి ఎల్పీ తెచ్చారు. అదే ఏడు షార్ప్‌విల్‌లో నిరసన చేస్తున్న నల్లవాళ్ల మీద పోలీసుల కాల్పులు. ఆ తర్వాత ఒక్కొక్కరే దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది.

పియానిస్ట్ అబ్దుల్లా ఇబ్రహీంని 1963లో జూరిక్‌లో డ్యూక్ ఎల్లింగ్టన్ విని దగ్గరుండి రికార్డు చేయించాడు. రఘు గారూ, మీ ఎల్లింగ్టనే! ఆయన చెవికి ఆ పియానోలో తన మనిషి వినపడ్డాడు. తర్వాత 1974లో కేప్‌టౌన్‌లో "మానెన్‌బర్గ్" రికార్డు చేశారు. బేసిల్ కుట్సియా సాక్సోఫోన్. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట నుంచి జనాన్ని తోలేసి పడేసిన పేటల్లో ఒకదాని పేరది. పాడే సాహిత్యం లేదు ఆ పాటలో, అయినా వర్ణవివక్షకి ఎదురు నిలిచిన ఊరేగింపుల్లో అది జాతీయగీతం లాగా మోగింది. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు, ఆ పాట మొదటి పియానో ముక్క వినపడగానే చేస్తున్న పని ఆపేసి లేచి నిలబడతారు. నేనెప్పుడూ ఎందుకని అడగలేదు, అడగాల్సిన అవసరం రాలేదు.

దీన్ని మూలాలు అంటారా? ఇది ఇవాళ్టి జాజ్. సీజన్లో ఈ సగం కూడా ఉంటే కళ్ళు మూసుకుని కొనండి.

ఎడిసన్_రఘు
శ్రీను గారూ, ఎల్లింగ్టన్ సంగతి తెలీదు నాకు, ఇప్పుడే ఆ రికార్డు వెతికి పెట్టాను, వింటున్నా. నా బాధ ఆఫ్రికా మీద కాదండీ. సభల్లో ఉపన్యాసాలు దంచే కచేరీలంటే భయం. పాట రెండు నిమిషాలు, వివరణ పది నిమిషాలు, ఆ రకం.

హ్యూస్టన్_వాణి
రఘు గారు చెప్పిన భయం నాకూ ఉంది, ఇంకో వైపు నుంచి. మా ఊళ్ళో ఒక హాలు వాళ్లు ఇలాగే మూలాల పేరుతో కార్యక్రమం పెట్టారు. పేరు చెప్పను. ఘనా నుంచి వచ్చిన డ్రమ్మర్లని లాబీలో నిలబెట్టారు, జనం కాఫీ తాగుతూ ఫొటోలు దిగుతూ ఉంటే వాళ్లు వాయించాలి. లోపల స్టేజీ మీద మాత్రం సూట్లేసుకున్న బ్యాండు, అసలు కచేరీ వాళ్లది. విరామంలో ఆ డ్రమ్మర్లలో ఒకాయనతో మాట్లాడాను, ఆయన కుటుంబంలో తరతరాలుగా అదే విద్య, చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాడు. లోపలికి పిలవలేదా అంటే నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ రోజు లోపలికెళ్ళి కూర్చోబుద్ధి కాలేదు. మూలాలకి గౌరవం అంటే వాళ్లని స్టేజీ మధ్యలో కూర్చోబెట్టి మిగతా బ్యాండు వాళ్ల తాళానికి వాయించాలి.

సాక్సు_సుధ
వాణి గారూ, మీరు కోరింది అక్షరాలా జరిగిన సందర్భం ఒకటుంది, అదీ ఈ లింకన్ సెంటర్ వాళ్లే చేసింది. 2006లో ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడైన ట్రంపెట్ విద్వాంసుడు వింటన్ మార్సాలిస్, ఘనాకి చెందిన డ్రమ్ము విద్వాంసుడు యాకుబ్ ఆడీ కలిసి "కాంగో స్క్వేర్" అని పెద్ద రచన చేశారు. ఆడీ బృందం ఒడడా, అటు పక్క లింకన్ సెంటర్ ఆర్కెస్ట్రా, ఒకే స్టేజీ మీద. మొదట వాయించింది ఎక్కడనుకున్నారు, కత్రినా తుపాను దెబ్బతిన్న న్యూ ఆర్లిన్స్‌లో, ఆ కాంగో స్క్వేర్‌లోనే. రికార్డింగు దొరుకుతుంది. అందులో ఎవరు ఎవరికి పక్కవాద్యమో చెప్పలేం. మార్సాలిస్ న్యూ ఆర్లిన్స్‌వాడే కాబట్టి ఈ సీజన్ మీద నాకు నమ్మకం.

ఇంకా శ్రీను గారు అన్న "అమెరికా నుంచి ఆఫ్రికాకి" సగానికి: 1956 మే నెలలో ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వెళ్ళాడు. అప్పటికి అది ఇంకా గోల్డ్ కోస్ట్, మరుసటి ఏడు మార్చిలో ఘనా అయింది. విమానం దిగేసరికి అక్కడి ట్రంపెట్ వాళ్లంతా వరసకట్టి వాయిస్తూ స్వాగతం చెప్పారు, ఆయన కూడా దిగీ దిగగానే ట్రంపెట్ తీసి వాళ్లతో కలిశాడు. అక్కడి హైలైఫ్ అనే నాట్య సంగీతం వాయించే ఇ.టి. మెన్సా బ్యాండుతో వాయించాడు. నాట్యం చేస్తున్నవాళ్లలో ఒకావిడ అచ్చం చనిపోయిన తన తల్లిలా కనిపించిందని, తన పూర్వీకులు ఇక్కణ్ణుంచే వెళ్ళుంటారని ఆయనే చెప్పుకున్నాడు. ఇది మ్యూజియం వ్యవహారమా? కొడుకు ఇంటికి రావడం.

తాళప్రియ
ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీని మర్చిపోతున్నారు అందరూ. 1947 సెప్టెంబర్, కార్నెగీ హాల్. హవానా నుంచి వచ్చిన చానో పోజో కాంగాలు (చేత్తో వాయించే పొడుగు డ్రమ్ములు) వాయించాడు గిలెస్పీ బిగ్ బ్యాండుతో. క్యూబాలో అబాకువా అనే రహస్య సంఘం మనిషి, ఆ సంఘం వేళ్లు ఇవాళ్టి నైజీరియా, కామెరూన్ సరిహద్దులో ఉన్నాయి. బీబాప్ అనే అప్పటి కొత్తరకం జాజ్ వాయించే అమెరికా డ్రమ్మర్లకి మొదట్లో కాంగాతో ఎలా కలవాలో అర్థం కాలేదు. ఆ డిసెంబర్లోనే "మాంటెకా" రికార్డు చేశారు. మరుసటి ఏడాది చివర్లో పోజోని హార్లెంలో కాల్చి చంపారు, 33 ఏళ్లు. రెండేళ్లు కూడా లేని పరిచయం, జాజ్ డ్రమ్మింగు దారే మారిపోయింది.

పాతరికార్డుల_ప్రసాద్
గిలెస్పీని తెచ్చారు కాబట్టి నేనూ ఒకటి వేస్తా, మీ వైపు వాదనకే పనికొస్తుంది. పియానిస్ట్ రాండీ వెస్టన్ 1960లో "ఉహురు ఆఫ్రికా" (స్వేచ్ఛ ఆఫ్రికా) చేశాడు. ఆ ఒక్క ఏడాదిలో 17 ఆఫ్రికా దేశాలకి స్వాతంత్ర్యం వచ్చింది. మాటలు కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌వి, సంగీతం అల్లినది మెల్బా లిస్టన్, ట్రాంబోన్ వాయించే ఆడమనిషి, ఆ రోజుల్లో ఆ స్థాయిలో ఆర్కెస్ట్రాకి రాసిన ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నైజీరియా ఒలటుంజీ, క్యూబా కాండిడో, అమెరికా మాక్స్ రోచ్ ఒకే గదిలో తాళం వేశారు. 1964లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ రికార్డుని నిషేధించింది. ఒక జాజ్ రికార్డుకి ప్రభుత్వం భయపడిందంటే అందులో ఏం వినపడి ఉంటుందో ఊహించుకోండి. నాకు ఎంతో ఇష్టమైన రికార్డుల్లో అదొకటి. అందుకే అంటున్నా, "మూలాలు" అనకండి, 1960 అనండి, పేర్లు చెప్పండి, ఎవరు ఏం చేశారో చెప్పండి. ఊరికే ఆఫ్రికా ఆఫ్రికా అంటే అదో దేశం అన్నట్టు ఉంటుంది.

జోబర్గ్_శ్రీను
ప్రసాద్ గారూ, ఈ మాట మీద మనిద్దరం ఒకటే.

ఏసీగార్డ్స్_ఇమ్రాన్
హైదరాబాద్ నుంచి. మా పేట పేరే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ మీద వచ్చింది, నిజాం దగ్గర పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలవాళ్ల గుర్రపు దళం, మాసబ్‌ట్యాంక్ పక్కన. పోలీస్ యాక్షన్ తర్వాత దళం పోయింది, మనుషులు ఇక్కడే ఉండిపోయారు. పెళ్లిళ్లలో మర్ఫా విన్నారు కదా, బరాత్ ముందు ఆ వాయింపు మొదలైతే పెళ్లికొడుకు కూడా గుర్రం దిగి ఆడేస్తాడు. దాన్ని ఈ ఊళ్ళో నిలబెట్టింది సిద్దీలు, బార్కస్ వైపు యెమెన్ అరబ్బుల కుటుంబాలు. తాళప్రియ భాయ్ చెప్పిన రెండూ మూడూ ఒకేసారి నడిచే లెక్క మర్ఫాలో కూడా నాకు వినపడుతుంది. జాజ్ గురించి నాకు ఎక్కువ తెలీదు, కానీ ఆఫ్రికా తాళం వినాలంటే న్యూయార్క్ దాకా వెళ్ళక్కర్లేదు, శుక్రవారం రాత్రి మా గల్లీకి వచ్చినా చాలు.

హ్యూస్టన్_వాణి
ఇమ్రాన్ గారూ, మా అన్నయ్య పెళ్లిలో విన్నా, మాసబ్‌ట్యాంక్‌లోనే! అది ఆఫ్రికా నుంచి వచ్చిందని మాకెవరూ చెప్పలేదు.

పాతరికార్డుల_ప్రసాద్
చాలా మంచి విషయం. ఒక్క జాగ్రత్త, మర్ఫా హిందూ మహాసముద్రం దారిలో, తూర్పు ఆఫ్రికా, అరేబియా మీదుగా వచ్చింది. జాజ్‌కి వెళ్ళింది అట్లాంటిక్ దారిలో, ఎక్కువగా పశ్చిమ, మధ్య ఆఫ్రికా జనం. రెండూ ఒకటే అనేయకూడదు.

ఏసీగార్డ్స్_ఇమ్రాన్
ఒకటే అనట్లేదు సార్. ఇక్కడా వాళ్లని తెచ్చినవాళ్లున్నారు, ఇక్కడా వాళ్లు తాళం వదల్లేదు, అంతే నా మాట.

తాళప్రియ
ఇమ్రాన్ భాయ్, వచ్చే డిసెంబర్లో హైదరాబాద్ వస్తున్నా, మృదంగం తెచ్చుకుంటా, మీ వాళ్లతో కూర్చోబెట్టండి.

ఏసీగార్డ్స్_ఇమ్రాన్
తప్పకుండా రండి. బిర్యానీ నాది, తాళం మీది.

సాక్సు_సుధ
కృష్ణలంక తమ్ముడూ, నీ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. పుస్తకాల జోలికి పోకుండా ఇలా విను. ముందు ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 నాటి "వెస్ట్ ఎండ్ బ్లూస్", మొదటి పదిహేను సెకన్లు ట్రంపెట్ ఒక్కటే, అది చాలు. తర్వాత గిలెస్పీ "మాంటెకా". తర్వాత సాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 1961లో చేసిన "ఆఫ్రికా", పదహారు నిమిషాలుంటుంది, రాత్రి పూట విను. కోల్ట్రేన్ చివరి రోజుల్లో, 1967 ఏప్రిల్‌లో, హార్లెంలో ఒలటుంజీ నడిపిన ఆఫ్రికా సంస్కృతి కేంద్రంలో వాయించాడు, మూడు నెలలకి పోయాడు. ఆ రికార్డింగు ఇప్పుడే వద్దు, చెవి తట్టుకోదు. ఆ తర్వాత శ్రీను గారి "మానెన్‌బర్గ్". చివరగా ఇథియోపియా ములాటు అస్తాట్కే. బోస్టన్‌లో బర్క్‌లీ కాలేజీలో చదువుకుని, వైబ్రాఫోన్ (కర్రలతో కొట్టే లోహపు పట్టీల వాయిద్యం) మీద తన ఊరి అయిదు స్వరాల బాణీల్ని జాజ్‌తో కలిపినవాడు. వాళ్ల తిజితా అనే బాణీలో ఒక రకం స్వరాలు మన మోహన రాగం స్వరాలే, కర్ణాటక సంగీతం అలవాటున్న ఇంట్లో అమ్మకి కూడా నచ్చుతుంది.

కృష్ణలంక_కుర్రాడు
థాంక్స్ అక్కా. మానెన్‌బర్గ్ ముందు విన్నా, వరస తప్పించా. మూడు సార్లు వరసగా వేశా. అది వింటుంటే టెన్షన్ అంతా పోయింది, రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది.

జోబర్గ్_శ్రీను
ఆల్ ది బెస్ట్ తమ్ముడూ!

దారితప్పిన_దేశదిమ్మరి
అవతల నుంచి ఆఫ్రికాకి అన్నదానికి నాది ఒకటి. కాంగోలో 1930లు, 40లలో క్యూబా రికార్డులు దిగాయి. అక్కడివాళ్లు వినగానే ఇది మనదే కదా అని గుర్తుపట్టి, గిటార్ల మీదకి తెచ్చుకుని కాంగో రుంబా చేసుకున్నారు. 2021లో యునెస్కో జాబితాలో చేరింది. అట్లాంటిక్‌ని రెండుసార్లు దాటిన తాళం అది. రఘు గారూ, అలాంటి కచేరీ ఏదైనా ఉంటే మీరు కుర్చీలో కూర్చోలేరు.

ఎడిసన్_రఘు
అందరికీ థాంక్స్. శ్రీను గారు చెప్పిన ఆ 1963 రికార్డు మేమిద్దరం రెండుసార్లు విన్నాం, మా ఆవిడైతే సీజన్ మొత్తం తీసుకుందాం అంటోంది. నేను మాత్రం పూర్తి ప్యాకేజీకి ఇంకా సుముఖంగా లేను. పెద్ద ఆర్కెస్ట్రా ఉన్నవి, ఆఫ్రికా కళాకారులు స్టేజీ మధ్యలో ఉన్నవి ఏరుకుని విడిగా కొంటా. ఉపన్యాసాల కచేరీలు నాకొద్దు, ఆ మాట మీద ఉన్నాను. ఒక సందేహం, రోజ్ థియేటర్లో పై బాల్కనీ సీట్లు డ్రమ్ములకి బాగుంటాయా, కింద కూర్చోవాలా?

సాక్సు_సుధ
హాలు పెద్దదేం కాదు, 1,200 సీట్లు, జాజ్ కోసమే కట్టింది, పైన కూర్చున్నా స్పష్టంగా వినపడుతుంది. డ్రమ్ము వాయించే చేతులు కనపడాలంటే పక్క బాల్కనీలు మంచివి, చవక కూడా. అక్కడే యాపెల్ రూమ్ అని ఇంకో హాలుంది, అందులో ఏదైనా ఉంటే వదలొద్దు, వాయించేవాళ్ల వెనకాల అద్దం గోడ, అవతల సెంట్రల్ పార్కు. డబ్బు తక్కువలో కావాలంటే అదే అంతస్తులో డిజ్జీస్ క్లబ్, రాత్రి ఆలస్యంగా మొదలయ్యే సెట్‌కి కుర్రాళ్లు వాయిస్తారు, టికెట్ తక్కువ. కాకపోతే తిండికీ తాగుడికీ కనీస బిల్లు ఉంటుంది, అది చూసుకోండి.

ఎడిసన్_రఘు
ఆలస్యం సెట్ అయితే చివరి రైలు దొరకదు మాకు.

హ్యూస్టన్_వాణి
పెన్ స్టేషన్‌కి 59వ వీధి నుంచి 1 గానీ ఎ గానీ సబ్‌వే రైలు ఎక్కితే నిమిషాల్లో చేరతారు కదా. మా చెల్లి కూడా న్యూజెర్సీలో మీ ఎడిసన్‌లోనే ఉంటుంది, తనూ వస్తానంటోంది, కారులో వెళ్లేట్టయితే చెప్పండి, కలిసి వస్తారు.

ఎడిసన్_రఘు
కారే తీస్తాం అయితే. ఆర్కెస్ట్రా ఉన్న శనివారం ఏదైనా చూసి తేదీ ఇక్కడే పెడతా.